ప్రసారం ఆగకుండా కాంతి తంతు మార్గాల విస్తరణ

కృష్ణా, గోదావరి డెల్టాలలో దాళ్వా పంట చేతికి వచ్చిన తరువాత, ఏటా వేసవిలో కాలువలు కట్టివేస్తారు. ఆ కొద్ది వారాలలోనే పూడిక తీయడం, గట్లు బలపరచడం, తూములకూ లాకులకూ మరమ్మతులు చేయడం పూర్తి కావాలి. ఈ సంగతి గ్రామాలకు ముందే తెలుసు. మంచినీటి చెరువులు నింపుకొని, పనులను అందుకు తగినట్లు సర్దుకుంటారు. సాగునీటికి ఋతుచక్రమే ఒక విరామాన్ని సమకూర్చింది.

సమాచార ప్రసారానికి అటువంటి విరామం లేదు. రైల్వే రిజర్వేషను, బ్యాంకు లావాదేవీలు, ఆసుపత్రుల మధ్య రోగనిర్ణయ పత్రాల రాకపోకలు, విద్యుత్ గ్రిడ్ పర్యవేక్షణ, తుఫాను హెచ్చరికలు, విద్యార్థుల పరీక్షా ఫలితాలు – ఇవన్నీ నేడు గాజు పోగులలో వెలుగు రూపంలో ప్రయాణం చేస్తున్నవి. వాటికి పగలు లేదు, రాత్రి లేదు. మరొక వైపు అవసరం ఏటేటా పెరుగుతున్నది. నిన్న సరిపోయిన సామర్థ్యం రేపటికి చాలడం లేదు. అందువల్ల ఇంజనీర్ల ముందు ఒక విచిత్రమైన సమస్య నిలిచింది: కాలువను కట్టకుండానే కాలువను వెడల్పు చేయాలి, నీరు పారుతూ ఉండగానే లాకు తలుపులు మార్చాలి.

ఇది ఎలా సాధ్యం? సమాధానం రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున నిలబడితే కనిపిస్తుంది. 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన దాదాపు ఒక శతాబ్దం పాటు మద్రాసు, కలకత్తాల మధ్య రైళ్లను మోసింది. దానికి తోడుగా 1970లలో రోడ్డు-రైలు వంతెన వచ్చింది. 1997లో విల్లు ఆకారపు కొత్త వంతెన వాడుకలోకి వచ్చిన తరువాతనే పాత వంతెనకు విశ్రాంతి లభించింది. కొత్తది నిలిచి, బరువు మోసి, నమ్మకం కలిగించిన పిమ్మటనే పాతదానిని తప్పించారు. కాంతి తంతు మార్గాల విస్తరణలోని సూత్రమంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది. దానిని అమలు పరచడం మాత్రం అంత సులువు కాదు.

గాజు పోగులో వెలుగు

పాఠ్యగ్రంథాలు దృశా తంతువు అనీ, వాడుకలో ఆప్టికల్ ఫైబర్ అనీ పిలిచే ఈ పోగు మనిషి తల వెంట్రుక కంటె కొంచెం మాత్రమే లావుగా ఉంటుంది. దాని వ్యాసం 125 మైక్రాన్లు. దూర ప్రసారానికి వాడే రకంలో వెలుగు ప్రయాణించే నడిమి భాగం వ్యాసం సుమారు 9 మైక్రాన్లే. నడిమి గాజు వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న గాజు కంటె కొద్దిగా ఎక్కువ. అందుచేత లోపల ప్రవేశించిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ, బయటికి పోకుండా, పోగు వంపులను అనుసరించి సాగిపోతుంది. గాజులో దాని వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు.

ఈ విజ్ఞాన శాఖకు పునాది వేసినవారిలో ఒకరు పంజాబులోని మోగాలో 1926లో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ. లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్ట ద్వారా చిత్రాన్ని పంపవచ్చునని 1954లో ఆయన నిరూపించారు. అయితే ఆనాటి గాజులో వెలుగు కొన్ని మీటర్లకే క్షీణించేది. కిలోమీటరు ప్రయాణం తరువాత నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలు, దూర ప్రసారానికి ఈ పోగు పనికివస్తుందని 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ సూచించారు. గాజులోని మలినాలను తొలగిస్తే అది సాధ్యమేనని వారి వాదం. నాలుగేళ్లలోనే అమెరికాలోని కార్నింగ్ సంస్థ ఆ గీతను దాటింది. ఈ కృషికి కావో 2009లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నేటి తంతువులో కిలోమీటరుకు కలిగే నష్టం 0.2 డెసిబెల్ ప్రాంతంలో ఉన్నది. అంటే పదిహేను కిలోమీటర్లు ప్రయాణించిన తరువాత కూడా సగం వెలుగు మిగిలే ఉంటుంది.

భారతదేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీల మధ్య మొదటి కాంతి తంతు మార్గం 1979లో పూనాలో పని ప్రారంభించింది. ఆ తరువాత రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట, విద్యుత్ ప్రసార స్తంభాల శిఖరాన ఉండే భూసంధాన తీగల లోపల కూడా ఈ పోగులు దేశమంతటా విస్తరించాయి.

మారేది పోగు కాదు, కొసలు

సామర్థ్యం పెంచడం అంటే మళ్లీ గోతులు తవ్వి కొత్త కేబుల్ వేయడమని సామాన్యంగా తోస్తుంది. రాగి తీగల కాలంలో అది చాలా వరకు నిజం. గాజు పోగు విషయం వేరు. ఒక తంతువు ఎంత సమాచారం మోస్తున్నదనేది ఎక్కువగా దాని రెండు కొసలలో ఉన్న పరికరాలను బట్టి ఉంటుంది. ఒక కొసన ప్రసారిణి లేజర్ వెలుగును సంకేతంగా మలుస్తుంది. రెండవ కొసన గ్రాహకం ఆ సంకేతాన్ని తిరిగి చదువుతుంది. ఈ రెండింటినీ మెరుగుపరిస్తే, భూమిలోనో సముద్రగర్భంలోనో ఉన్న పాత గాజే కొత్త బరువును మోస్తుంది.

దీనికి చక్కని నిదర్శనం ఆగ్నేయాసియా, పశ్చిమాసియా, పశ్చిమ యూరపులను కలిపే నాలుగవ సముద్ర కేబుల్. సీ-మీ-వీ 4 అని పిలిచే ఈ కేబుల్ 2005 డిసెంబరులో పూర్తయింది. సింగపూరు నుండి ఫ్రాన్సు వరకు సుమారు 18,800 కిలోమీటర్ల పొడవున సాగే ఈ మార్గం దక్షిణాసియాలో చెన్నై, ముంబై, కొలంబో, కరాచీ, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లను తాకుతుంది. అందులో ఉన్నవి కేవలం రెండు జతల తంతువులు. మొదట దానికి నిర్ణయించిన సామర్థ్యం సెకనుకు 1.28 టెరాబిట్లు. ఒక టెరాబిట్ అంటే లక్ష కోట్ల బిట్లు. కొసలలోని యంత్రాలను దశలవారీగా మార్చడం వల్ల 2015లో ఆ సామర్థ్యాన్ని 4.6 టెరాబిట్లకు పెంచారు. సముద్రం అడుగున ఉన్న గాజు అదే. దాని మధ్య మధ్య అమర్చిన వర్ధకాలూ అవే. ఈ మార్పు జరుగుతున్న కాలమంతా ఆ కేబుల్ మీద అనేక దేశాల సంభాషణలు సాగుతూనే ఉన్నాయి.

ముందు రెండవ దారి

పని జరిగేటప్పుడు సమాచారం ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం మార్గ నిర్మాణంలోనే సిద్ధంగా ఉండాలి. అందుకే ప్రధాన మార్గాలను సరళరేఖలుగా గాక వలయాలుగా నిర్మిస్తారు. వలయంలో ఏ ఊరికైనా రెండు దారులు ఉంటాయి. ఒకటి తెగితే ఎదురు దిశ నుండి చేరవచ్చు.

ఉదాహరణకు హైదరాబాదు, విజయవాడల మధ్య ఒక మార్గం నల్గొండ మీదుగానూ, మరొకటి వరంగల్లు, ఖమ్మంల మీదుగానూ ఉన్నదనుకొందాం. నల్గొండ మార్గంలో యంత్రాలు మార్చవలసి వచ్చింది. ఆ మార్గాన్ని ఆపివేస్తే యంత్రాలు తమంత తామే లోపాన్ని గుర్తించి ప్రసారాన్ని ఖమ్మం వైపు మళ్లించగలవు. ఇందుకు అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతించిన గడువు 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యవ వంతు. టెలిఫోనులో మాట్లాడుతున్నవారికి ఆ తేడా తెలియదు. అయితే సెకనుకు 100 గిగాబిట్లు ప్రవహించే మార్గంలో ఆ స్వల్ప వ్యవధిలోనే 500 కోట్ల బిట్లు దారి తప్పుతాయి. వాటిలో చాలా వాటిని కంప్యూటర్లు మళ్లీ అడిగి తెప్పించుకుంటాయి. కాని అనుకోకుండా వచ్చిన ప్రమాదంలో క్షమించదగిన ఈ నష్టం, ముందుగా నిర్ణయించుకున్న పనిలో క్షమించదగినది కాదు.

అందుచేత ఇంజనీర్లు మరింత మెత్తని పద్ధతిని అనుసరిస్తారు. మొదట ఖమ్మం మార్గం మీద కూడా అదే సంకేతం నకలును పంపుతారు. ఇప్పుడు విజయవాడకు ఒకే సమాచారం రెండు దారులలో చేరుతున్నది. రెండవ దారిలో వచ్చే సంకేతం నాణ్యతను కొంతసేపు పరిశీలిస్తారు. దోషాల లెక్క తీస్తారు. అన్నీ సవ్యంగా ఉన్నవని తేలిన తరువాత గ్రాహకం మొదటి దారిని వదలి రెండవ దారిని స్వీకరిస్తుంది. అప్పుడే నల్గొండ మార్గం ఖాళీ అవుతుంది. పడవ మారే ప్రయాణికుడు ఒక కాలు కొత్త పడవలో గట్టిగా మోపిన తరువాతనే రెండవ కాలు ఎత్తుతాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రెండు దారుల పొడవు సమానం కాదు. నూరు కిలోమీటర్ల తేడా ఉంటే వెలుగుకు అర మిల్లీసెకను ఆలస్యమవుతుంది. ఆ అర మిల్లీసెకనులో 100 గిగాబిట్ల మార్గం మీద ఐదు కోట్ల బిట్లు వచ్చిపడతాయి. ఒక్క బిట్ అయినా పోకూడదనుకొంటే, ముందు చేరిన నకలును జ్ఞాపక కోశంలో నిలిపి ఉంచి, వెనుక వచ్చే నకలుతో వరుస కలిపి, ఆ తరువాత మార్పు చేయాలి. విద్యుత్ ప్రసార మార్గాల రక్షణ వంటి పనులలో ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. అక్కడ తీగకు రెండు కొసల ఉన్న రిలేలు ప్రవాహాన్ని క్షణక్షణం పోల్చి చూసుకుంటాయి. వాటి మధ్య వార్త ఆలస్యమైతే లోపం లేని చోట లోపం ఉన్నట్లు భ్రమించే ప్రమాదం ఉన్నది.

ఇంటర్నెట్ ప్రవాహాన్ని నడిపే రూటర్ల విషయంలో మరొక ఉపాయం వాడతారు. ప్రతి మార్గానికీ ఒక వ్యయాంకం ఉంటుంది. రూటర్లు తక్కువ వ్యయాంకం ఉన్న మార్గాన్ని ఎంచుకుంటాయి. మార్చవలసిన మార్గానికి ఆ అంకాన్ని బాగా పెంచితే, మార్గం ఇంకా పని చేస్తూ ఉండగానే, ప్రవాహం ఇతర దారులకు తరలిపోతుంది. దారి ఖాళీ అయినట్లు కొలతలలో కనిపించిన తరువాతనే దానిని ముట్టుకుంటారు. అనేక తీగలను ఒకే కట్టగా వాడుతున్న చోట ముందు కొత్త తీగను కట్టలో చేర్చి, ఆ తరువాత పాత తీగను విడదీస్తారు.

పాత వెలుగు పక్కన కొత్త వెలుగు

మరొక పద్ధతిలో పాత ప్రసారాన్ని కదపనవసరమే లేదు. ఒకే తంతువులో అనేక తరంగదైర్ఘ్యాల వెలుగులను కలిపి పంపవచ్చు. ఇంద్రధనుస్సులో రంగులు వేరుగా ఉన్నట్లే ఇవి కూడా ఒకదానితో ఒకటి కలవక ప్రయాణిస్తాయి. ఈ వెలుగులు కంటికి కనిపించని పరారుణ ప్రాంతానికి చెందినవి. వాటి తరంగదైర్ఘ్యం 1,550 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఈ ప్రాంతంలో ఎనభైకి పైగా వేర్వేరు వెలుగులను అమర్చవచ్చు. ఒక్కొక్కటి సెకనుకు 100 గిగాబిట్లు మోస్తే, ఎనభై కలిసి 8 టెరాబిట్లు మోస్తాయి. పది వెలుగులతో మొదలైన మార్గానికి పదకొండవ వెలుగును జోడించడం అంటే, మొదటి పదింటిని ఆపకుండానే సామర్థ్యం పెంచడం. కాని వెలుగులను కలిపే పరికరంలో అందుకు ఖాళీ ద్వారాన్ని తొలినాడే ఉంచి ఉండాలి. అది లేకుంటే ఆ పరికరాన్ని అమర్చడానికే తంతువును విడదీయవలసి వస్తుంది. తొలి ఖర్చులో చేసిన చిన్న పొదుపు పదేళ్ల తరువాత పెద్ద అంతరాయమై ఎదురవుతుంది.

జోడించేటప్పుడు కూడా తొందరపాటు పనికిరాదు. దూర ప్రయాణంలో క్షీణించిన వెలుగుకు మళ్లీ బలమివ్వడానికి మధ్య మధ్య వర్ధకాలు ఉంటాయి. గాజులో ఎర్బియం అనే మూలకాన్ని స్వల్పంగా కలిపి చేసిన ఈ వర్ధకాలు 1980ల చివరిలో రూపొందాయి. ఒక వర్ధకం తన శక్తిని అందులో ప్రవేశించిన వెలుగులన్నింటికీ పంచుతుంది. పంక్తిలో అకస్మాత్తుగా పది మంది ఎక్కువ కూర్చుంటే ఉన్నవారి విస్తళ్లలో వడ్డన తగ్గినట్లు, కొత్త వెలుగులు ఒక్కసారిగా వచ్చిపడితే పాత వెలుగుల బలం తగ్గుతుంది. కొన్ని వెలుగులు ఒక్కసారిగా ఆగిపోతే మిగిలినవాటికి అవసరానికి మించిన బలం చేరుతుంది. రెండూ దోషాలకు దారి తీస్తాయి. పైగా ఈ ఒడుదుడుకు ఒక వర్ధకం నుండి మరొకదానికి పోతూ పెరుగుతుంది. కాబట్టి కొత్త లేజర్ బలాన్ని మెట్లు మెట్లుగా పెంచుతారు. ప్రతి మెట్టు వద్దా ఆగి పాత వెలుగుల స్థితిని చూస్తారు. వర్ధకాలు తమంత తాము సర్దుకునే ఏర్పాటు కూడా ఉంటుంది.

సముద్ర కేబుళ్లలో ఈ సమస్య మరింత సున్నితమైనది. సముద్రం అడుగున ఉన్న వర్ధకాలను మార్చడం తేలిక కాదు. అవి తొలినాటి లెక్క ప్రకారమే మొత్తం వెలుగును ఇస్తాయి. అందువల్ల ఇంకా వాడని తరంగదైర్ఘ్యాల స్థానంలో సమాచారం ఏమీ లేని ఉత్త వెలుగును నింపి ఉంచుతారు. కొత్త ప్రసారం వచ్చినప్పుడు ఆ ఉత్త వెలుగును తొలగించి, అదే స్థానంలో, అదే బలంతో, సమాచారం ఉన్న వెలుగును ప్రవేశపెడతారు. వర్ధకానికి ఏ మార్పూ జరిగినట్లు తెలియదు.

పాత, కొత్త తరాల వెలుగుల మధ్య పొరుగు తగవు కూడా ఉన్నది. సెకనుకు 10 గిగాబిట్ల పాత సంకేతం వెలుగును ఎక్కువ తక్కువలు చేయడం ద్వారా పని చేస్తుంది. 100 గిగాబిట్ల కొత్త సంకేతంలో సమాచారం వెలుగు దశలో దాగి ఉంటుంది. పాత వెలుగులోని హెచ్చుతగ్గులు పక్కనే ఉన్న కొత్త వెలుగు దశను చెదరగొడతాయి. అందుచేత రెండింటి మధ్య కొంత ఖాళీ స్థలాన్ని వదులుతారు. క్రమంగా పాతవాటిని ఒకటొకటిగా విరమింపజేసినప్పుడు ఆ ఖాళీ కూడా ఉపయోగంలోకి వస్తుంది.

అర్ధరాత్రి కార్యక్రమం

శాస్త్రం ఇంత చెప్పినా, చివరకు పని చేసేది మనుషుల చేతులే. సాధారణంగా అర్ధరాత్రి దాటిన తరువాత, ప్రవాహం తక్కువగా ఉండే వేళ, ఈ పనులకు ముహూర్తం పెడతారు. ఏడాదిలో నూటికి 99.999 వంతుల కాలం సేవ అందాలని నియమం ఉంటే, అనుమతించిన అంతరాయం మొత్తం ఏడాదికి ఐదు నిమిషాల పదిహేను సెకన్లే. ఒక్క పొరపాటు ఆ ఏడాది వాటానంతా తినివేయగలదు.

పని రోజుకు ముందే ప్రతి అడుగూ వ్రాతలో ఉంటుంది: ఎవరు, ఏ గదిలో, ఏ వరుసలో, ఏ తంతువును ముట్టుకోవాలి, ప్రతి అడుగు తరువాత ఏ కొలత కనిపించాలి, అది కనిపించకపోతే ఎలా వెనుకకు మరలాలి. వెనుకకు మరలే గడువు కూడా నిర్ణయమై ఉంటుంది. ఆ వేళకు పని పూర్తి కాకపోతే, ఎంత దగ్గరకు వచ్చినా, పాత స్థితికి తిరిగి వెళ్లవలసిందే. వందల కిలోమీటర్ల దూరాన రెండవ కొసన ఉన్న బృందం మరొక దారిలో టెలిఫోను మీద సిద్ధంగా ఉంటుంది. ఆ టెలిఫోను మార్చబోతున్న తంతువు మీదుగానే నడుస్తూ ఉండకూడదన్నది చిన్న విషయమైనా మరవరాని నియమం.

కేబుల్ లోపలి పోగులను గుర్తించడానికి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ పన్నెండు రంగుల వరుస ఉన్నది. చీటీలు సరిగా లేని చోట ఖాళీ పోగుకు బదులు ప్రసారం సాగుతున్న పోగును లాగివేసే ప్రమాదం ఉన్నది. దానిని నివారించడానికి పోగును అతి స్వల్పంగా వంచి, బయటకు జారే లేశమాత్రపు కాంతిని బట్టి అందులో ప్రసారం ఉన్నదీ లేనిదీ చెప్పే పరికరం వాడతారు. కొస కలిపే చోట కంటికి కనిపించని దుమ్ము కణం 9 మైక్రాన్ల దారికి బండరాయి వంటిది. అందువల్ల ప్రతి కొసనూ సూక్ష్మదర్శినిలో చూచి, తుడిచి, మళ్లీ చూచి కలుపుతారు. దారి పొడవునా అతుకులు, వంపులు, దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నవో ఓ.టి.డి.ఆర్. అనే పరికరం చెబుతుంది. అది వెలుగు స్పందనను పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వని వంటి కాంతిని కొలుస్తుంది. ప్రసారపు వెలుగులకు దూరంగా 1,625 లేక 1,650 నానోమీటర్ల వద్ద ఈ పరీక్ష చేస్తే, సమాచారం ప్రవహిస్తూ ఉండగానే తంతువు ఆరోగ్యాన్ని తెలుసుకోవచ్చు.

కాగితం మీది రెండు దారులు

ఇంత జాగ్రత్తా ఒక్క నమ్మకం మీద ఆధారపడి ఉన్నది: రెండవ దారి నిజంగా రెండవదే అన్న నమ్మకం. పటం మీద రెండు రేఖలుగా కనిపించే మార్గాలు నేల మీద ఒకే గోతిలో, ఒకే వంతెన పక్కన, ఒకే గొట్టంలో సాగవచ్చు. అప్పుడు ఒక్క త్రవ్వక యంత్రం రెండింటినీ తెంపుతుంది. ఒక దారిని పని కోసం ఖాళీ చేసి, సమస్త ప్రవాహాన్నీ రెండవ దారికి మళ్లించిన రాత్రి అటువంటి ప్రమాదం జరిగితే ఆదుకునేది లేదు.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్లు రెండూ దెబ్బతిన్నాయి. అవి వేర్వేరు సంస్థలవి. ఒకదానికి ఒకటి ప్రత్యామ్నాయమని ఎందరో భావించినవి. అయినా యూరపుకు పోయే దారి రెండింటికీ ఒకటే కావడంతో భారతదేశంతో సహా అనేక దేశాలలో ఇంటర్నెట్ సేవలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ప్రవాహంలో కొంత భాగాన్ని తూర్పు దిక్కుగా, సింగపూరు, పసిఫిక్ సముద్రాల మీదుగా మళ్లించవలసి వచ్చింది. సంస్థ వేరైనంత మాత్రాన దారి వేరు కాదన్న పాఠాన్ని ఆ సంఘటన నేర్పింది. దేశం లోపల త్రవ్వకాల వల్ల కలిగే నష్టాన్ని తగ్గించడానికి, తవ్వేవారు అక్కడ కేబుళ్లు, గొట్టాలు ఉన్న సంస్థలకు ముందుగా తెలియజేసే మొబైల్ ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ప్రవేశపెట్టింది.

ఒకే దారి ఉన్న చోట

అంతరాయం లేని విస్తరణ రెండు దారులు ఉన్నవారికే సాధ్యమని ఇంతవరకు చెప్పినదాని సారాంశం. మహానగరాలకు అనేక దారులు ఉన్నాయి. ఒకే దారి ఉన్న దీవికి, కొండ జిల్లాకు, మారుమూల పంచాయతీకి విస్తరణ అన్నా, మరమ్మతు అన్నా నిశ్శబ్దమే. కాబట్టి రెండవ దారి కేవలం సాంకేతిక విషయం కాదు. దేశంలోని పౌరులందరికీ సేవ సమానంగా అందుతున్నదా అన్న ప్రశ్న దానితో ముడిపడి ఉన్నది.

అండమాన్, నికోబార్ దీవులు చాలా కాలం ఉపగ్రహ మార్గం మీదనే ఆధారపడినవి. చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, అక్కడ నుండి ఇతర దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్ర కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య 200 గిగాబిట్ల చొప్పున రెండు ప్రసారాలతో అది మొదలైంది. కొచ్చి నుండి లక్షద్వీపాలకు వేసిన 1,868 కిలోమీటర్ల కేబుల్ 2024 జనవరి 3న ప్రారంభమైంది. ఉపగ్రహ మార్గం అత్యవసరానికి ఆదుకోగలదు. కాని కేబుల్ మోసే బరువును అది మోయలేదు.

ఈశాన్య రాష్ట్రాలను మిగిలిన దేశంతో కలిపే నేల సిలిగురి వద్ద ఎంతో ఇరుకుగా మారుతుంది. రోడ్డు, రైలు, కేబుల్ అన్నీ ఆ సందులోనే పోవాలి. ఈ స్థితిలో 2016 మార్చి 23న అగర్తల నుండి సరిహద్దు దాటి అఖౌరా మీదుగా, కాక్స్ బజార్ కేబుల్ స్టేషనుతో కలిపే 10 గిగాబిట్ల మార్గం ప్రారంభమైంది. అదే రోజు త్రిపుర నుండి బంగ్లాదేశ్‌కు విద్యుత్ సరఫరా కూడా మొదలైంది. ఒక వైపు నుండి వెలుగు, మరొక వైపు నుండి విద్యుత్తు – పొరుగుదేశాలు పరస్పరం రెండవ దారిగా నిలువగలవని ఆ ఏర్పాటు చాటింది.

గ్రామాల విషయంలోనూ ఈ దృష్టి స్థిరపడుతున్నది. పంచాయతీలన్నింటినీ కాంతి తంతువుతో కలపాలన్న పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించింది. భారత్ నెట్ అన్న పేరు దానికి తరువాత వచ్చింది. మొదట మండల కేంద్రం నుండి పంచాయతీకి సరళరేఖ మార్గాలే వేశారు. మధ్యలో ఒక్క చోట తెగితే దాని అవతల ఉన్న ఊళ్లన్నీ మూగబోయేవి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన కార్యక్రమంలో వలయ నిర్మాణానికి ప్రాధాన్యం లభించింది. తెలుగు రాష్ట్రాలు తమ తమ పరిస్థితులకు తగిన దారులు ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాల మీదుగా కేబుళ్లు లాగడం వల్ల ఖర్చు, కాలం కలిసివచ్చాయి. అయితే తీరంలో పెనుగాలికి స్తంభం కూలితే కరెంటూ కేబులూ కలిసి పోతాయి. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే తంతువుకు చోటు కల్పించారు; అక్కడ గాలి భయం లేదు, గొట్టం మరమ్మతుకు దిగే గడ్డపార భయం ఉన్నది. ఏ దారికైనా దాని అపాయం దానికి ఉన్నది. అందుకే ఒక దారికి తోడు, దాని అపాయాన్ని పంచుకోని మరొక దారి కావాలి.

అర్ధరాత్రి ఒక ఎక్స్ఛేంజీలో కొత్త యంత్రం పని మొదలుపెట్టి, పాత యంత్రం దీపాలు ఒకటొకటిగా ఆరిపోయినప్పుడు, ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆ పని విజయానికి గుర్తు. ఆ విజయం ఆ రాత్రి కలిగినది కాదు. పదేళ్ల క్రితం ఒక ఖాళీ ద్వారాన్ని వదిలినవారు, వలయాన్ని పూర్తి చేయడానికి మరికొన్ని కిలోమీటర్ల గొయ్యి తవ్వించినవారు, ప్రతి పోగుకూ ఓపికగా చీటీ కట్టినవారు దానిని సిద్ధం చేసిపెట్టారు. ఆ సిద్ధం నగరాల వద్ద ఆగిపోక దీవులకు, కొండలకు, కడపటి పంచాయతీలకు కూడా చేరినప్పుడే దేశమంతటా ప్రసారం ఆగలేదని చెప్పగలిగేది.